రాత్రి ప్రయాణంలో పడక: ఎవరు ఎక్కడ పడుకోవాలి?



ఎండాకాలం సెలవుల్లోనూ, పెళ్లిళ్లకూ, వేలాంకణ్ణి ఉత్సవాలకూ మన ఓబులదేవరచెరువు చుట్టుపక్కల ఊళ్లవారు నాలుగు కుటుంబాలు కలిసి ఒక టెంపో ట్రావెలర్ బాడుగకు మాట్లాడుకుని రాత్రిపూట బయలుదేరడం మామూలే. పెద్ద ఆసుపత్రికి చూపించుకోవడానికి రాయవేలూరుకు పోయేవారూ అలాగే పోతారు. రాత్రి పోతే ఎండ ఉండదు, లాడ్జి ఖర్చు మిగులుతుంది, కన్ను మూసి తెరిచేసరికి ఊరు వస్తుంది అని లెక్క. బాడుగ మొదలుకొని చిత్రాన్నం పొట్లాల దాకా అన్నీ ముందే మాట్లాడుకుంటారు. ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం బండి ఎక్కాక, ముందు వచ్చినవారికి మంచి చోటు అన్నట్టు తేలిపోతుంది. ముసలమ్మ వెనక సీటులో మూలకు ఒదిగి కూర్చుంటుంది, కుర్రవాడు కాళ్లు చాపి పడుకుంటాడు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది, కదిలే బండిలో పడక వేరు, ఆగిన బండిలో పడక వేరు. సీట్ల మధ్య దారిలో పరుపు పరచి పిల్లలను పడుకోబెట్టడం, సీట్ల మీద అడ్డంగా పలకలు వేసి బొంత పరవడం, పైకడ్డీకి చీర కట్టి ఉయ్యాల వేయడం మనవారు చేస్తుంటారు. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లోపల పడుకున్న బిడ్డ కూడా అదే వేగంతో పోతున్నట్టే. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, బిడ్డ ఆగదు. కాబట్టి బండి నడుస్తున్నంతసేపు అందరూ సీటులోనే, బెల్టు పెట్టుకునే నిద్రపోవాలి. సీటు కొద్దిగా వెనక్కి వాల్చి, తువ్వాలు చుట్టి మెడ కింద పెట్టుకుంటే చాలు. పసిబిడ్డకు బెల్టున్న పిల్లల సీటు దొరికితే అంతకు మించినది లేదు. ఒడిలో బిడ్డతో ముందు సీటులో మాత్రం ఎవరూ కూర్చోరాదు.

నడుము వాల్చడం బండి ఆగిన తరువాతనే. అందుకని మేము అడిగినవారికి చెప్పేది ఒకటే: రాత్రి ఇంట్లో పడుకుని తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరండి. అది కుదరకపోతే రాత్రి 11 గంటలకల్లా వెలుతురూ మనుషులూ ఉన్న చోట బండి ఆపి, తెల్లవారేదాకా పడుకోండి. లాడ్జి ఖర్చు మిగలదు, నిజమే.

ఆగిన చోట అన్నిటికంటే మంచి పడక డ్రైవరుకు ఇవ్వాలి. ఇది విని కొందరు నవ్వుతారు. రాత్రి 2 గంటల నుండి తెల్లవారి 6 గంటల వరకు మనిషి శరీరం నిద్రను అడుగుతుంది. కాఫీ, పాటలు, ముఖాన నీళ్లు కాసేపు పనిచేస్తాయి, నిద్ర బాకీ మాత్రం తీర్చవు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలుగా పెట్టింది. బండి మాట్లాడేటప్పుడే "నిన్న రాత్రి ఈయన ఎక్కడికైనా పోయి వచ్చాడా?" అని అడగండి. మాటల సందడి లేని చోట ఆయనకు పరుపు వేయండి. ఎండైనా, చీకటైనా బండి కింద మాత్రం ఎవరూ పడుకోరాదు. పడుకున్నది తెలియక బండి తీసేవారు ఉంటారు.

ఇక ఎవరికి ఏ చోటు? వెనక చక్రాల వెనక ఉన్న సీట్లలో ఎత్తివేత ఎక్కువ. నడుము నొప్పి ఉన్నవారిని, ఆపరేషన్ అయినవారిని, గర్భిణులను ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న సీట్లలో కూర్చోబెట్టాలి. గర్భిణి బెల్టు కడుపు మీదుగా కాక, కడుపు కింద తుంటి ఎముకల మీదుగా రావాలి. బండి ఆగాక ఆమె పక్కకు తిరిగి పడుకోవాలి, ఎడమవైపైతే మరీ మంచిది.

ఆయాసం ఉన్నవారిని మేము వార్డులో అడిగే ప్రశ్న మీరూ అడగండి: "ఇంట్లో ఎన్ని దిండ్లు వేసుకుంటావమ్మా?" రెండు దిండ్లు లేనిదే ఊపిరి ఆడని మనిషిని బండిలో చదునుగా పడుకోబెడితే అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఆమెకు వాల్చిన సీటే పడక. ఈమధ్యనే ఒక దిండు మూడు దిండ్లయి ఉంటే ప్రయాణం మాని ముందు డాక్టరుకు చూపించాలి. మాత్రలు, ఇన్‌హేలరు బండిపైన కట్టిన పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి, రాత్రి రెండు మూడుసార్లు లేచే పెద్దాయనకు తలుపు పక్క చోటు ఇచ్చి, చెప్పులూ టార్చీ చేతికి అందేలా పెట్టండి. పాదం మొద్దుబారిన మనిషి చీకట్లో వట్టికాళ్లతో దిగితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా, గట్టి చాప మీద, దిండు లేకుండా, వేరుగా పడుకోబెట్టాలి. అలసిన ఇద్దరు పెద్దల నడుమ వద్దు.

4 గంటలకు మించి కదలక కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. రెండు గంటలకొకసారి దిగి నడవండి, నీళ్లు తాగండి.

ఇప్పుడు లోపలే మంచాలు, వంటగది ఉన్న కారవాన్ బండ్లు వచ్చాయి. కేరళ ప్రభుత్వం 2021లో వీటికోసం పర్యాటక పథకమే తెచ్చింది. అదే రాష్ట్రంలో వడకర వద్ద 2024 డిసెంబరులో రోడ్డు పక్క ఆపిన కారవాన్‌లో నిద్రపోయిన ఇద్దరు ఇక లేవలేదు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వాంతి వచ్చి అనుమానమైనా కలుగుతుంది. నిద్రలో ఉన్నవారికి అదీ ఉండదు. ఆపిన బండిలో ఇంజను నడుపుతూ, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి పడుకోవద్దు. లోపల స్టవ్, బొగ్గుల కుంపటి వెలిగించవద్దు. రెండువైపులా అద్దాలు కొంచెం దించి, పాత దోమతెర ముక్క అడ్డం కట్టుకోండి.

స్లీపరు బస్సులో పోయేవారు టికెట్టు తీసేటప్పుడే కింది బెర్తు అడగండి. మూర్ఛ ఉన్నవారికి, ఇన్సులిన్ వేసుకునేవారికి, వృద్ధులకు, చిన్నపిల్లలకు పై బెర్తు పనికిరాదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సులు కాలిపోయినది తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్నప్పుడే. పాలెంలో 45 మంది పోయారు. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకుని, ఆ తరువాత దుప్పటి కప్పుకోండి.

ఉక్కగా ఉందని బండి దిగి నేల మీద చాప వేసుకునేవారికి ఒక మాట. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారినే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్ణమని సోడా తాగించక వెంటనే 108కు ఫోను చేయండి. మడత మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే బయట పడుకోవచ్చు.

మందులు వాడుతున్నవారు బయలుదేరే వారం ముందు ఓపీకి వచ్చి, మందుల పేర్లూ వేళలూ ఒక చీటీలో రాయించుకుని పొండి.