ఫోను చేతులు మారునపుడు

అక్క వాడిన ఫోను చదువు నిమిత్తము తమ్మునికి వచ్చుట నేడు మన యిండ్లలో పరిపాటి. అట్టి ఫోను ఒక్కొక్కప్పుడు పాత ఖాతాను, పాస్‌వర్డును అడుగుచు నిలిచిపోవును. అది చెడిపోయినదని మనము భ్రమపడరాదు. దొంగలకు అక్కరకు రాకుండ చేసిన కట్టుదిట్టమది. ఐఫోనులలో 2013లోను, ఆండ్రాయిడు ఫోనులలో 2015లోను ఈ తాళము ప్రవేశించినది.

ఫోను నిచ్చువారు మొదట ఫోటోలను, నంబర్లను వేరొకచోట భద్రపరుపవలెను. పిదప సెట్టింగులలో గూగుల్ ఖాతాను, పిన్‌ను, వ్రేలిముద్రను తొలగింపవలెను. ఐఫోను అయినచో 'ఫైండ్ మై'ని ఆపి, ఆపిల్ ఖాతానుండి వెలుపలికి రావలెను. ఆ తరువాతనే సెట్టింగులలోని రీసెట్ ద్వారా సమస్తమును తుడిచివేయవలెను. ఖాతాను తీయక, ప్రక్క బొత్తాములు నొక్కి తుడిచినచో తాళము అట్లే యుండును. సెట్టింగులలోని మాటలు బోధపడనిచో ఫోను భాషను తెలుగునకు మార్చుకొనవచ్చును.

పాత ఫోను కొనునపుడు అమ్మువానిచే మన యెదుటనే ఖాతా తీయించి, పిమ్మట సొమ్ము చెల్లింపవలెను. *#06# నొక్కగా కనబడు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో సరిచూచుకొనవలెను. తాళము తీయుటకు వెనుదీయువాని ఫోను దొంగసొత్తు కావచ్చును. తాళమును పగులగొట్టెదమనువారి చేతికి ఫోను నీయరాదని విద్యార్థులకు, తల్లిదండ్రులకు మేము మరిమరి చెప్పుచున్నాము. తాళము తీయు హక్కు తాళపుచెవి గలవానిదే.