దైవం, దెయ్యం, పెన్: ఒక మాట తల్లివేరు

ఈ వారం వీడియోలో ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర చూశారు కదా. గోండి భాషలో దేవుణ్ణి 'పెన్' అంటారు, వంశపు పెద్ద దేవుణ్ణి 'పెర్సాపెన్' అంటారు. వీడియో చూసిన కరీంనగర్ దోస్తు ఒకడు "ఇంతకీ అది దేవుడా, దెయ్యమా?" అన్నాడు. నవ్వులాటకే అన్నా, జవాబు చెప్పాల్సిన ప్రశ్నే.

ముందు మన 'దేవుడు' సంగతి చూద్దాం. సంస్కృతంలో దేవ, లాటిన్‌లో దెఉస్, లిథువేనియన్‌లో దియెవాస్. వీటి తల్లి మాట ఎక్కడా రాసి లేదు. పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చి, పండితులు *దెయ్‌వోస్ అని కట్టారు. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం అదే: ఇది దొరికిన రూపం కాదు, లెక్కకట్టిన రూపం. మెరిసే ఆకాశానికి చెందినవాడు అని భావం.

పోలిక ఒక్కటే చాలదు. గ్రీకు 'థెఓస్' అన్నా దేవుడే, కానీ ఈ ఇంటి చుట్టం కాదు. సంస్కృత 'దశ' లాటిన్‌లో దెకెమ్, గ్రీకులో దెక. అంటే ఆ 'ద' గ్రీకులోనూ 'ద'గానే ఉండాలి, 'థ' కాకూడదు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే టెస్ట్ ఫెయిల్. ఎంత దగ్గరగా కనిపించినా పక్కన పెట్టాల్సిందే.

అసలు విచిత్రం అవెస్తాలో ఉంది. అక్కడ ఇదే మాట 'దఏవ'. జరతుష్ట్ర మతంలో దానికి అర్థం దుష్టశక్తి! ఒక ఇంట్లో పూజ అందుకున్న పేరే పక్కింట్లో తిట్టయింది. అంత దూరం ఎందుకు, బడిలో ప్రకృతి వికృతులు చదివాం కదా: దైవం ప్రకృతి, దెయ్యం వికృతి.

ఇక పెన్. గోండి కూడా తెలుగులాగే ద్రావిడ భాష కాబట్టి దీని వేరు వేరే. ఒడిశాలోని కుయి భాషలో 'పేను' అంటే దేవత. తమిళంలో 'పేయ్' అంటే దెయ్యం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని ఒకే కుటుంబంగా చేర్చింది. రెండు భాషా కుటుంబాలకు సంబంధం లేదు, అయినా రెండింట్లోనూ అదే చీలిక వచ్చింది.

కాబట్టి దోస్తుకు నా జవాబు: తమిళంలో ఉన్న అర్థాన్ని తెచ్చి ఆదిలాబాద్ మీద పెట్టకు. గోండిలో పెన్ అంటే దేవుడే. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశం వాళ్లు గోదావరి నుంచి కాలినడకన తెచ్చిన నీళ్లతో అభిషేకం చేసేది ఆ పెన్‌కే.