పూత ముగిసిన పెరటితోటలు – పంచాయతీల కర్తవ్యము

వేములవాడలో సద్దుల బతుకమ్మను ఏడవనాడే జరుపుకొనుట ఆచారము. ఆ పండుగకై పెరళ్లలో పెంచిన బంతి దీపావళి దాటిన కొలదినాళ్లకే మోడువారును. వానకాలపు బెండ, గోరుచిక్కుడు, అలసంద కూడ అప్పటికి కాపు ఉడిగియుండును. వీనినన్నిటిని పెరికి, వీధి మూలను కుప్పవేసి నిప్పంటించుట పలుచోట్ల కానవచ్చును. ఆ మంటలో మొక్కలయందలి నత్రజని పొగతో గాలిలో కలిసిపోవును. ఆ నత్రజనినే రైతు యూరియా బస్తాల రూపమున మరల సొమ్ముపెట్టి కొనవలసి వచ్చును. పొగవలన పసిపిల్లలకు, వృద్ధులకు కలుగు దగ్గు, ఆయాసము వేరు. ఇందుకు బదులుగా చేయదగిన పనులను పంచాయతీ సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

మొదటిది విత్తనము. ఏపుగా పెరిగి, పెద్దపూలు పూచిన నాటు బంతిమొక్కలను గుర్తించి, పూలను చెట్టుననే ఎండనీయవలెను. విత్తులను నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో తేమ తగులకుండ దాచవలెను. సంకరజాతి బంతి విత్తులు తల్లిమొక్కను పోలిన పూలనీయవు. చామంతిని పెరుకరాదు, కొమ్మలు కత్తిరించి విడిచినచో మొదట పిలకలు వచ్చును.

రెండవది వేళ్లు. గోరుచిక్కుడు, అలసందలను నేలమట్టముగా కోసి, వేళ్లను మట్టిలోనే విడువవలెను. ఆ వేళ్లపై బుడిపెలలో నత్రజని కలదు. బంతివేళ్లు నేలలోని నులిపురుగులను అణచును. కావున బంతి పెరిగిన మడిలో తరువాత వంగ, టమాట నాటుట మేలు.

మూడవది తెగులు. ఈనెలు పసుపుబారిన బెండమొక్కలు నిలిచియున్నంతకాలము తెల్లదోమ ఆ తెగులును కొత్తపంటకు చేర్చును. వానిని వెంటనే పెరుకవలెను. వంగ, టమాటల వేరే ఉబ్బి ముడులుపడినచో అది నులిపురుగుల పని. అట్టి వేళ్లను ఎరువుగుంతలో వేయరాదు, ఎండబెట్టి కాల్చవలెను. అలసంద బుడిపెలు వ్రేలితో తాకినంత ఊడివచ్చును గనుక ఈ రెంటికిని భేదము తెలియును.

మిగిలినదంతయు ఎరువే. కాడలను చిన్నముక్కలుగా నరికి, పేడనీళ్లు చల్లుచు పొరలుగా పేర్చవలెను. పిడికిట పిండినచో చేయి తడియవలెను గాని నీరు కారరాదు. అప్పుడప్పుడు తిరుగవేసినచో మూడు నాలుగు మాసములలో మాగును. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోరులో రూపొందించి 1931లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే.

2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిదప పల్లెలలో నర్సరీలు, ఎరువు తయారుచేయు షెడ్లు ఏర్పడినవి. దీపావళి పిదప ఒక వారము పంచాయతీ ట్రాక్టరు ఈ మోడులను వేరుగా సేకరించి షెడ్డునకు చేర్చవలెను. బతుకమ్మలనుండి, గుడులనుండి వచ్చు పూలను కూడ దారములు, ప్లాస్టికు తీసివేసి అందు కలుపవచ్చును. ఆ ఎరువు మృగశిర నాటికి నర్సరీకి అక్కరకు వచ్చును; దాచిన విత్తులు ఇంటింటికి పంచుటకు ఉపకరించును. ఈ విషయమును రాబోవు గ్రామసభలో చర్చించి తీర్మానింతురని ఆశించుచున్నాము.