నక్షత్రాల్లో యుద్ధం: ఏ నవలతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మనవడు చెప్పాడని రాబర్ట్ హైన్‌లైన్ 'స్టార్‌షిప్ ట్రూపర్స్' పట్టుకున్నాను. సగం కూడా దాటలేదు. ఈ సైనిక సైన్స్ ఫిక్షన్ నాకు ఎక్కుతుందంటారా?
– ఒక పాఠకుడు, సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్

జవాబు: తప్పు మీది కాదండీ, వరసది. 1959 నాటి ఆ నవలలో మొదట ఒక దాడి, ఆ తర్వాత అంతా శిక్షణ, పౌరసత్వం మీద మాస్టారి ఉపన్యాసాలు. నాకూ విసుగే.

ముందు జాన్ స్కాల్జీ 'ఓల్డ్ మ్యాన్స్ వార్' (2005) చదవండి. హీరోకి 75 ఏళ్లు. పుట్టినరోజున భార్య సమాధి చూసుకుని, వెళ్లి సైన్యంలో చేరతాడు. అక్కడ కుర్ర ఒళ్లు ఇస్తారు, అదీ ఆకుపచ్చది! మోకాళ్ల నొప్పులవాళ్లకి మంచి బేరమే. ఇంగ్లీషూ తేలిక.

తర్వాత జో హాల్డెమన్ 'ది ఫరెవర్ వార్' (1974). నా లెక్కలో అన్నిటికన్నా గొప్పది. వియత్నాంలో గాయపడ్డ సైనికుడు రాసింది. కాంతివేగానికి దగ్గరగా తిరిగేవాడికి నెలలు గడిస్తే భూమ్మీద తరాలు మారిపోతాయి. తిరిగొస్తే సొంతవాళ్లే పరాయివాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికొచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన కుటుంబాలకి ఈ బెంగ కొత్తగా చెప్పాలా?

ఆయుధాల పేర్ల దగ్గర ఆగకండి. ఎవరికి ఎవరు పై అధికారో తెలిస్తే చాలు. హైన్‌లైన్‌ని చివర్లో మళ్లీ తీయండి.

అప్పటికీ కథ అందకపోతే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. అక్షరాలు అలుక్కుపోయి తలనొప్పి వస్తుంటే మాత్రం పుస్తకం మూసి కంటి డాక్టరుకి చూపించుకోండి.