అపహృతమైన కారు: బీమా సందేహము

ప్రశ్న: వీధిలో నిలిపిన మా కారు రాత్రికి రాత్రి మాయమైనది. ఠాణాలో తెల్లవారగనే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించితిని గాని, బీమా కంపెనీకి తెలుపుటలో వారము జాప్యమైనది. పరిహారము రాదనుచున్నారు.

జవాబు: పోలీసులకు తక్షణమే ఫిర్యాదు చేసియున్నచో, కంపెనీకి తెలుపుటలోని జాప్యమును మాత్రమే కారణముగ జూపి పరిహారమును నిరాకరించుట చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పియున్నది గనుక, ఆ తీర్పును ఉదహరించుచు కంపెనీకి లిఖితపూర్వకముగ విన్నవింపుడు, అప్పటికిని వినకున్నచో బీమా అంబుడ్స్‌మన్‌నో, వినియోగదారుల కమిషన్‌నో ఆశ్రయింపవచ్చును. తాళపుచెవులు రెండును భద్రముగ నున్నవి గదా? కంపెనీవారు మొదట అడుగునవి అవియే. ఒకటి పోయినదన్న మాటను వారంత సులభముగ నమ్మరు. ఆర్.టి.ఓ. కార్యాలయమునకును తెలుపుడు. ఇరుగుపొరుగు సీసీ కెమెరాల దృశ్యములు కొలది దినములకే చెరిగిపోవును, నేడే అడుగుడు.