మైకు దగ్గర జీతం ఉండదు

శనివారం మధ్యాహ్నం మా తెలుగు గంట అయిపోగానే చూస్తే, స్టూడియో గుమ్మంలో ఓ కుర్రాడు నిలబడి ఉన్నాడు. హైదరాబాద్‌లో ఒక న్యూస్ చానెల్ డెస్కులో నాలుగేళ్లు చేసి, మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చాడట. రాత్రిళ్లు గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాడు. "అన్నా, ఎత్నిక్ మీడియాకి ఏదో సంఘం ఉందట గదా. అండ్ల జాబులేమన్న ఉంటయా?" అన్నాడు. తర్వాతి స్లాటువాళ్లు అప్పటికే హెడ్‌ఫోన్లు చేతపట్టుకుని కాచుకున్నారు. అబ్బాయిని కారిడార్‌లోకి తీసుకెళ్లి తోచింది చెప్పాను. ఏడాదికి నలుగురైదుగురు ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి ఈసారి రాసే పెడుతున్నాను.

చేదు మాట ముందే చెప్పేస్తాను. ఆ సంఘంలో జీతం మీద పనిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మైకు ముందు కూర్చునే మాకెవరికీ జీతం లేదు. పెట్రోలు ఖర్చు కూడా మాదే. అయినా ఈ పనిలోకి రావద్దని నేను అనను, ఎందుకో తెలుసుకుని రమ్మంటాను.

ఆస్ట్రేలియాలో ఇంగ్లీషు కాని భాషల ప్రసారాలకు రెండు ఇళ్లున్నాయి. ఒకటి ఎస్‌బీఎస్. అది ఎక్కువగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ, అక్కడ పనిచేసేవాళ్లకు జీతాలుంటాయి, తెలుగు విభాగమూ ఉంది. రెండోది కమ్యూనిటీ రేడియో. మెల్‌బోర్న్‌లో 3జెడ్‌జెడ్‌జెడ్, బ్రిస్బేన్‌లో 4ఈబీ, అడిలైడ్‌లో 5ఈబీఐ లాంటి స్టేషన్లు. వీటిని మోసేది వాలంటీర్లే. గ్రీకు, ఇటాలియన్, వియత్నామీస్, అరబిక్, ఇప్పుడు మనం. ఇలా వేరే భాషలతో వలస వచ్చినవాళ్లందర్నీ కలిపి ఇక్కడ 'ఎత్నిక్' అంటారు. ఇంగ్లీషువాళ్లు ఎత్నిక్ ఎందుకు కారో నన్నడక్కండి.

ఈ రెండో ఇంటివాళ్లందరి తరఫున మాట్లాడేదే నేషనల్ ఎత్నిక్ అండ్ మల్టీకల్చరల్ బ్రాడ్‌కాస్టర్స్ కౌన్సిల్. పొట్టిగా ఎన్‌ఈఎంబీసీ. 1985లో పుట్టింది. వందకు పైగా భాషల ప్రసారకులు దీని నీడన ఉన్నారు. సంఘం అనగానే మనకు సంక్రాంతి సంబరాలు, సావనీర్, స్టేజీ మీద సన్మానాలు గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. తనంతట తాను ఒక్క నిమిషం కూడా ప్రసారం చేయదు. మంత్రుల ఆఫీసులకు వినతిపత్రాలు రాయడం, ఏటా సదస్సు పెట్టడం, 'ది ఎత్నిక్ బ్రాడ్‌కాస్టర్' అనే పత్రిక తేవడం, కుర్రవాళ్లనీ ఆడవాళ్లనీ మైకు దగ్గరికి తీసుకురావడం దీని పనులు. గ్రాంటు డబ్బులిచ్చేది వేరే సంస్థ, కమ్యూనిటీ బ్రాడ్‌కాస్టింగ్ ఫౌండేషన్. శిక్షణ ఇచ్చేది ఇంకొకటి, కమ్యూనిటీ మీడియా ట్రైనింగ్ ఆర్గనైజేషన్. భాషతో నిమిత్తం లేకుండా కమ్యూనిటీ రేడియోలన్నిటికీ మరో సంఘం ఉంది. కొత్తవాళ్లు ఇవన్నీ ఒకటేననుకుని, డబ్బులడగాల్సిన ఉత్తరం మాటసాయం చేసేవాళ్లకు, మాటసాయం అడగాల్సిన ఉత్తరం డబ్బులిచ్చేవాళ్లకు పంపిస్తారు. నేనూ పంపాను. రెండు నెలలు వృథా.

ఈ సంఘం ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే 1975 దాకా వెళ్లాలి. ఆ ఏడాది జులై 1 నుంచి ప్రభుత్వం మెడిబ్యాంక్ అనే ఆరోగ్య బీమా మొదలుపెట్టింది. ఇంగ్లీషు రాని లక్షల మందికి దాని గురించి చెప్పేదెలా? జూన్‌లో సిడ్నీలో 2ఈఏ, మెల్‌బోర్న్‌లో 3ఈఏ అని రెండు స్టేషన్లు పెట్టారు. అక్కడ ఏడు భాషలు, ఇక్కడ ఎనిమిది. కొన్నాళ్ల ప్రయోగం అనుకున్నది నిలబడిపోయి, తర్వాత ఎస్‌బీఎస్ అయింది. అదే ఏడాది మెల్‌బోర్న్‌లో జాతీయ ప్రసార సంస్థ ఏబీసీ వాళ్లు 3జెడ్‌జెడ్ అని ఇంకో స్టేషను తెరిచారు. అందులో జనమే వచ్చి తమ భాషలో మాట్లాడేవారు. ప్రభుత్వం మారింది, 1977లో దాన్ని మూసేశారు. మళ్లీ అలాంటిది, ఈసారి జనం సొంతంగా, 3జెడ్‌జెడ్‌జెడ్ పేరుతో గాలిలోకి వచ్చేసరికి 1989.

2020లో కోవిడ్ వచ్చినప్పుడూ ఇదే తంతు. ఉన్నట్టుండి అన్ని ప్రభుత్వ శాఖలకూ మన భాషలు గుర్తొచ్చాయి. హడావుడిలో మా విక్టోరియా రాష్ట్రంలో ఒక పోస్టరు మీద ఫార్సీనీ అరబిక్‌నీ కలిపేసి అచ్చేశారు. మన బోర్డు మీద సగం తెలుగు, సగం కన్నడం రాసినట్టు. భాష తెలిసిన మనిషి ఒక్కసారి చూసి ఉంటే అలా జరిగేది కాదు.

అవసరం పడితే పిలుస్తారు, తీరాక మరిచిపోతారు. ఆ మధ్య రోజుల్లో మనం ఉన్నామని గుర్తుచేస్తూ ఉండటమే సంఘం చేసే అసలు పని. గుర్తుచేయడానికి దాని చేతిలో ఉండేది మనం ఇచ్చే లెక్కలే. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. గొంతు బాగుంటే స్టేషనుకు మంచిది. లెక్క రాసే అలవాటుంటే స్టేషనుకూ సంఘానికీ మంచిది, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీకూ మంచిదే.

నేను నేర్చుకున్న తీరు చెబుతాను. మొదటిసారి గ్రాంటు దరఖాస్తు రాసినప్పుడు మూడు పేరాల నిండా తెలుగు వైభవం పోశాను. వెయ్యేళ్ల సాహిత్యం, అజంత భాష, రాబోయే తరాలు... అన్నీ ఉన్నాయి. తిరస్కరించారు. సదస్సులో కాఫీ దగ్గర ఓ పెద్దావిడ, ముప్పై ఏళ్లుగా గ్రీకు కార్యక్రమం నడుపుతున్నావిడ, నా దరఖాస్తు చదివి కళ్లజోడు తీసి అడిగింది: "ఎవరు వింటారు? వాళ్లకు ఏం చెప్తావు? వారానికి ఎన్ని గంటలు?" మూడింటిలో ఒక్కదానికీ నా కాగితంలో జవాబు లేదు.

ఆ వారమే ఓ నోటుపుస్తకం కొన్నాను. ప్రతి శనివారం కార్యక్రమం అవగానే అరపేజీ. తేదీ. మాట 34 నిమిషాలు, పాట 21. అతిథి: పిల్లల దంత వైద్యురాలు. విషయం: ప్రభుత్వమిచ్చే దంతవైద్య సాయం ఎవరికొస్తుంది. ఫోన్లు ఆరు, అందులో నాలుగు మనవల్ని చూసుకోవడానికొచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలవి. ఒకాయన గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలైంది, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదని ఏడ్చారు. ఇంతే. మరుసటి ఏడు దరఖాస్తులో సాహిత్య వైభవం తీసేసి ఈ పుస్తకంలోంచి నాలుగు వారాలు ఎత్తి రాశాను. గ్రాంటు వచ్చింది. ఈ గ్రాంట్లకు గంటలో కనీసం సగం మాట ఉండాలన్న పట్టింపు ఎప్పట్నుంచో ఉంది కాబట్టి, ఆ నిమిషాల లెక్కే నన్ను కాపాడింది. నిబంధనలు మారుతుంటాయి, ఈ ఏటివి తెప్పించుకుని చదవండి. పాత సినిమా పాటలతో గంట నింపేసి భాషాసేవ అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అది భాషాసేవ కాదు, దూరదర్శన్ చిత్రలహరి.

ఇక చట్టం. ఇది తెలియక నేను పడ్డ అవమానం ఒకటుంది. ఊళ్లో కొత్తగా బిర్యానీ హోటలు తెరిచారు. యజమాని తెలిసినాయన. మంచి ఊపులో ఉండి, "కుటుంబ సమేతంగా రండి, దమ్ బిర్యానీ రుచి చూడండి" అని నిమిషం పాటు చదివేశాను. పక్క గదిలోంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. కమ్యూనిటీ రేడియోలో వాణిజ్య ప్రకటనలు నిషేధం. స్పాన్సర్ల ప్రకటన చదవొచ్చు. అయితే వాళ్లు కార్యక్రమానికో స్టేషనుకో ఆర్థికంగా సహకరిస్తున్నారని అందులోనే చెప్పాలి, అవన్నీ కలిపి గంటకు అయిదు నిమిషాలు దాటకూడదు. "డబ్బు తీసుకోలేదు సార్, నాలుగు పొట్లాలు పంపారంతే" అన్నాను. పొట్లమైనా ప్రతిఫలమే అన్నాడు. చట్టంలోనూ అదే ఉంది, నగదైనా వస్తురూపమైనా ఒకటే. ఆ నాలుగు పొట్లాలూ అప్పటికే అయిపోయాయి.

రాజకీయాలు మాట్లాడినప్పుడు ఇంకా జాగ్రత్త. మన నాయకులు ఇక్కడికొచ్చినప్పుడు అభిమానులు ఇంటర్వ్యూ కోసం ఊపిరాడనివ్వరు. రాజకీయ, వర్తమాన విషయాలమీద చేసిన ప్రసారం రికార్డింగును ఆరు వారాలు దాచాలన్నది చట్టం, ఫిర్యాదు వస్తే అరవై రోజులు. స్టేషను కంప్యూటరు దాచుకుంటుందిలే అనుకోకుండా మీరూ ఒక కాపీ ఉంచుకోండి. కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్‌గా పెట్టాలనుకుంటే పాటలు తీసేసి పెట్టండి. రేడియోలో పాట వేసుకోవడానికి స్టేషను కట్టే లైసెన్సు పాడ్‌కాస్ట్‌కూ చెల్లుతుందని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి, కాగితం చూపించమనండి.

సంఘంలో పైకి పెద్దగా అనుకోని గొడవ ఒకటుంది: గంటల పంపకం. యాభైల్లో, అరవైల్లో ఓడలెక్కి వచ్చినవాళ్ల భాషలకు గంటలు ఎక్కువ, వినేవాళ్లకు వయసైపోతోంది. కొత్తగా వచ్చిన మనలాంటివాళ్లలో జనం పెరుగుతున్నారు, గంటలు తక్కువ. మనవాళ్లు సమావేశానికెళ్లి "వాళ్లకెందుకన్ని గంటలు" అని మొదలుపెడతారు. అది తప్పని నా అభిప్రాయం. 3జెడ్‌జెడ్ మూసేసినప్పుడు రోడ్డెక్కింది ఆ తరమే. ఎవరైనా సెలవు పెడితే ఖాళీ పడ్డ స్లాటు మేం చేస్తామనండి, అర్ధరాత్రి గంటైనా కాదనకండి. నింపి చూపిస్తే అడిగే హక్కొస్తుంది. ఇంకోటి, స్టేషను గంట ఇచ్చేది తెలుగుకు. మీ సంఘానికో, మీ జిల్లాకో, మీ హీరోకో కాదు. ఉగాదికి ఎంత సమయమో బతుకమ్మకూ అంత. ఈ ఒక్క విషయంలో తేడా వచ్చి చీలిన బృందాలను చూశాను, రెండు ముక్కలూ గంట పోగొట్టుకున్నాయి.

ఆ కుర్రాడి అసలు ప్రశ్నకు వస్తాను. జీతం ఎక్కడ? ఎస్‌బీఎస్‌లో అప్పుడప్పుడూ ఖాళీలు పడతాయి, పోటీ గట్టిగా ఉంటుంది. స్టేషన్లలో సమన్వయకర్తల కొలువులు, గ్రాంట్లు చూసే కొలువులు ఉంటాయి, చాలావరకు పార్ట్‌టైము. వీటికన్నా ఎక్కువ పని బయట ఉంది. ఆసుపత్రుల్లో, మునిసిపల్ కౌన్సిళ్లలో, వలసదారులకు సాయపడే సంస్థల్లో భాష తెలిసి, జనానికి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు కావాలి. దుబాసీ పనికి, దుబాసీలకు పరీక్షలు పెట్టే 'నాటి' (NAATI) సంస్థ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ సంస్థదే సీసీఎల్ (CCL) అనే భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది, పాసైతే శాశ్వత నివాస వీసాకు లెక్కించే పాయింట్లలో అయిదు కలుస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. పాయింట్లకు లెక్కించే పని అనుభవమంటే వారానికి ఇరవై గంటలైనా జీతం తీసుకుని చేసినది. రేడియోలో వాలంటీరుగా పదేళ్లు చేసినా అందులోకి రాదు. "సర్టిఫికెట్ ఇప్పిస్తాం, వీసాకు పనికొస్తుంది" అని ఎవరైనా సభ్యత్వం అమ్మజూపితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి.

సదస్సుకు వీలుంటే వెళ్లండి. బయోడేటాలు పంచకండి, అక్కడ ఉద్యోగాలిచ్చేవాళ్లు దొరకరు. మీరు చేసిన కార్యక్రమంలోంచి మూడు నిమిషాల ముక్క ఫోనులో పెట్టుకెళ్లండి, కింద ఇంగ్లీషు అనువాదంతో. శిక్షణ తరగతుల గురించి అడగండి, వేరే భాషవాళ్లతో కలిసి భోంచేయండి. నా దరఖాస్తు సరిచేసింది కాఫీ దగ్గర కలిసిన మనిషే కదా.

ఆ అబ్బాయి ఇప్పుడు రెండు వారాలకోసారి వార్తలు చదువుతున్నాడు. డెస్కులో పనిచేసిన చేయి కదా, నాకన్నా శుభ్రంగా రాస్తాడు. నోటుపుస్తకం అతనికే అప్పగించాను.

లెక్క అన్నాను కాబట్టి ఇక్కడున్న మనవాళ్లకు ఒక మాట. 2021 ఆస్ట్రేలియా జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు దాదాపు 59 వేలు. అంతకుముందు 2016లో సుమారు 34 వేలు. ఏ భాషలో ప్రసారం చేయాలో ఎస్‌బీఎస్ తేల్చుకునేది ఈ అంకెలు చూసే, సంఘం మంత్రి ముందు పెట్టేదీ ఈ అంకెలే. అయిదేళ్లకోసారి ఆ ఫారం వస్తుంది. ఇంట్లో ఏ భాష అన్న ప్రశ్నకు ఒక్క జవాబే తీసుకుంటారు. తెలుగుకు గడి కనబడలేదని వేరే భాష దగ్గర టిక్కు పెట్టేయకండి. 'ఇతర' అన్నచోట తెలుగు అని రాయండి, ఇంట్లో పిల్లల పేరు ఎదురుగా కూడా.