అవతార శబ్దార్థం - అర్చామూర్తి సౌలభ్యం



శ్రీమన్నారాయణుని అవతారాలను గురించి ప్రవచనం చేసినప్పుడల్లా యాత్రికులు నన్నడిగే ప్రశ్న ఒకటున్నది. "మత్స్య కూర్మాదులు ఏనాటివో! రామకృష్ణుల కాలంలోనైనా మేము పుట్టలేదు. ఆ అవతారాల వలన నేడు మాకు కలిగే మేలేమిటి?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం అవతార శబ్దంలోనే ఉన్నది.

'అవ' అనే ఉపసర్గకు క్రిందికి అని అర్థం. 'తౄ' ధాతువునకు దాటుట, తరించుట అని అర్థం. రెండూ కలిసినప్పుడు దిగుట అనే అర్థం ఏర్పడుతుంది. పాణిని మహర్షి అష్టాధ్యాయి మూడవ అధ్యాయంలో ఈ శబ్దసిద్ధికై ఒక సూత్రమే చేశాడు. దాని ప్రకారం అవతారమంటే దిగుటకు సాధనమైనది, లేదా దిగే చోటు. గురువుల సన్నిధిలో సిద్ధాంతకౌముది చదువుకొనే రోజులలో ఈ సూత్రానికి ఉదాహరణగా మేము మొదట నేర్చినది నూతిలోనికి దిగే మెట్లను గురించియే. అనగా రేవు. తీర్థమనే మాటకు కూడ ధాతువిదే. దానికి కూడ రేవు అనే అర్థమున్నది.

మెట్లు లేని నూతిలో నీరెంత ఉన్నా దప్పిగొన్నవానికి దక్కదు. పరమపదంలోని స్వామి ఎంత దయాళువైనా, మనకందే త్రోవ లేకపోతే మన తాపం తీరదు. ఆ త్రోవయే అవతారం. స్వామి దిగివచ్చాడంటే తన మహిమను పోగొట్టుకొన్నాడని అర్థం కాదు. మనకు జన్మ కర్మవశాన కలుగుతుంది. ఆయన పుట్టుక లేనివాడై ఉండి కూడ తన సంకల్పంతో ఆవిర్భవిస్తాడని గీత నాల్గవ అధ్యాయం బోధిస్తున్నది. కాలుజారి నూతిలో పడినవానిని, వానిని పైకి తీయుటకు దిగినవానిని ఒకే రీతిగా చూడరాదు కదా!

ఇక కాలం గడిచిపోయినదనే సందేహం. పాంచరాత్ర ఆగమం భగవంతుని స్థితులను ఐదుగా చెప్పినది: పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ. రామకృష్ణాది అవతారాలు విభవాలు. ఆలయంలో మనం సేవించే మూర్తి అర్చావతారం. పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణంలో ఈ భేదాన్ని దప్పిగొన్నవాని దృష్టితో వివరించారు. అంతర్యామి భూగర్భజలం వంటివాడు. విభవావతారాలు వెల్లువెత్తి ప్రవహించిన నది వంటివి. ఆ నదిలో నిలిచిన మడుగుల వంటిది అర్చావతారం. వరద వెళ్లిపోయినా మడుగులో నీరున్నది. అది ఆ నది నీరే.

మన తెలుగునేలలో అట్టి మడుగులకు కొరత లేదు. నాగలాపురంలో మత్స్యమూర్తి వేదనారాయణుడుగా కొలువైనాడు. శ్రీకూర్మంలో కూర్మనాథుడున్నాడు. సింహాచలంలో వరాహనృసింహుడు సంవత్సరమంతా చందనంలో ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు నిజరూపం చూపుతాడు. అహోబిలంలో నవనారసింహులున్నారు. తిరుమలలో ముందుగా వరాహస్వామిని సేవించి పిమ్మట శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయం. ఏనాటి అవతారమో అన్న మూర్తి ఈనాటి ఉదయమే మేల్కొని, మనం సమర్పించిన నైవేద్యాన్ని స్వీకరిస్తున్నాడు.

"గంటల తరబడి వరుసలో నిలిచి వస్తే రెండు క్షణాలైనా నిలువనీయరు" అని బాధపడేవారున్నారు. వారి బాధ న్యాయమైనదే. అయితే రేవు కాపురముండే చోటు కాదు. అక్కడ దిగినవాడు కడవ నింపుకొని ఇంటికి వెళ్లాలి. కడవ ఖాళీగా పట్టుకొని, ప్రక్కవానితో తగవులాడుతూ దిగినవానికి పూటంతా నిలిచినా ఫలమేమి? వరుసలో నామస్మరణ చేసినవానికి ఆ రెండు క్షణాలే చాలును. వృద్ధురాలిని త్రోసి ముందుకు పోయినవాడు ఆమె రేవునకు అడ్డుపడినవాడే.

దాతలకు ఒక్క మనవి. అర్చామూర్తిగా వెలసిన స్వామి సర్వస్వతంత్రుడై ఉండి కూడ మనకు అధీనుడైనాడు. మనం నీరు తెస్తేనే ఆయనకు స్నానం, వండిపెడితేనే ఆరగింపు, వెలిగిస్తేనే దీపం. ఇది ఆయన లోటు కాదు, మనకిచ్చిన అవకాశం. పెద్ద ఉత్సవాలకు ద్రవ్యం సులువుగా సమకూరుతుంది. నిత్యదీపానికి నూనె, నిత్యనైవేద్యానికి బియ్యం, అర్చకుని కుటుంబపోషణ, కోనేటి శుభ్రత - ఇవి చాలచోట్ల మరుగున పడుతున్నవి. మీ గ్రామంలో ధూపదీపాలకు నోచుకోని చిన్న ఆలయమేదైనా ఉంటే ముందుగా దానిని తలచుకొనండి. పాచిపట్టిన మెట్లను కడిగినవాని పేరు రాతిమీద ఉండకపోవచ్చును. కాని అతని వెనుక దిగే పసివాడు జారిపడడు. ఆ పుణ్యం చాలదా?

స్వస్తి.